చలికాలంలో అడవి వాగు వెంట ఒంటరి నడక: విస్సాహికన్ లోయకు సమగ్ర మార్గదర్శి

ఫిలడెల్ఫియా నగరపు వాయవ్య భాగంలో, ఇళ్ళ వరుసలకు కూతవేటు దూరంలోనే, విస్సాహికన్ అనే వాగు ఒక ఇరుకైన రాతిలోయను కోసుకుంటూ దక్షిణంగా పారి స్కూల్‌కిల్ నదిలో కలుస్తుంది. నగరం పరిధిలో ఉన్న ఆ లోయ అంతా ఇప్పుడు ప్రజల పార్కు. 1964లో దీన్ని జాతీయ ప్రకృతి చిహ్నంగా గుర్తించారు. ఇందులో యాభై మైళ్ళకు పైగా కాలిబాటలు ఉన్నాయి, ప్రవేశ రుసుము లేదు, రైలు దిగి నడిచి చేరుకోవచ్చు. పెన్సిల్వేనియా, న్యూజెర్సీ, డెలవేర్ రాష్ట్రాలలో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న తెలుగువారిలో చాలామందికి ఈ పార్కు వేసవిలో పరిచయమే. అయితే ఆకులన్నీ రాలిపోయి, లోయ ఆకారం మొత్తం కంటికి కనిపించేదీ, వారం మధ్యలో వెళితే గంటసేపు మరో మనిషి ఎదురుపడనిదీ డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఉండే కాలంలోనే. మంచును ఎరగని ప్రాంతంలో పెరిగి, ఇక్కడ మొదటిసారి చలికాలంలో ఒంటరిగా నడవాలనుకునే వారికోసం ఈ మార్గదర్శిని రాస్తున్నాను.

పద్ధతి మొత్తానికి ఆధారమైన ఆలోచన ఒకటుంది. నడుస్తున్నంతసేపూ శరీరం తన వేడిని తానే పుట్టించుకుంటుంది కాబట్టి, గడ్డకట్టే స్థితికి కొన్ని డిగ్రీలు దిగువన కూడా మామూలు దుస్తులతో హాయిగా ముందుకు సాగవచ్చు. చీలమండ మడతపడి కూర్చుండిపోయిన క్షణం నుంచి లెక్క మారిపోతుంది: పది నిమిషాల్లో చెమట చల్లబడుతుంది, అరగంటలో వణుకు మొదలవుతుంది. తోడున్నవారికి ఆ అరగంటలో సహాయం అందుతుంది, ఒంటరిగా వెళ్ళినవారికి అందకపోవచ్చు. అందువల్ల దుస్తులు, సంచి, దారి, వేళ అన్నింటినీ నడిచే మనిషి అవసరాలను బట్టి కాక, ఒకచోట రెండు గంటలు కదలకుండా కూర్చోవలసి వచ్చిన మనిషి అవసరాలను బట్టి నిర్ణయించుకోవాలి.

మొదటి దశ: రోజును ఎంచుకోవడం

ఫిలడెల్ఫియాలో జనవరి నెలలో పగటి గరిష్ఠ ఉష్ణోగ్రత సగటున 40 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర, అంటే 4 లేక 5 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది. రాత్రి గడ్డకట్టే స్థితికి దిగువకు పడిపోతుంది. పగలు కరగడం, రాత్రి గడ్డకట్టడం రోజూ జరిగే తంతు కాబట్టి, ఇక్కడి కాలిబాటలకు అసలు సమస్య లోతైన మంచు కంటే పలుచని ఐసు పొర. కొత్తగా మంచు పడిన రోజున అడుగు దిగబడుతుంది, పట్టు దొరుకుతుంది. జనం తొక్కి, ఎండకు సగం కరిగి, మళ్ళీ గట్టిపడిన రెండో రోజు, మూడో రోజు నడకే ఎక్కువ ప్రమాదకరం. మొదటిసారి వెళ్ళేవారు మంచు పడి వారం దాటిన రోజునో, అసలు పడని పొడి రోజునో ఎంచుకోవడం మంచిది.

వాతావరణ సూచనలో ఉష్ణోగ్రతను ఒక్కదాన్నే చూసి ఊరుకోకూడదు. ఉష్ణోగ్రత 20 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉన్నప్పుడు గాలి గంటకు 15 మైళ్ళ వేగంతో వీస్తే, బయట ఉన్న చర్మానికి అది 6 డిగ్రీల చలితో, అంటే సుమారు మైనస్ 14 సెల్సియస్‌తో సమానం. లోయ అడుగున గాలి కొంత తగ్గుతుంది గాని, గాలి రోజున అక్కడ వేరే చిక్కు ఉంది. పచ్చరంగు పెంకు పురుగు ఒకటి ఈ ప్రాంతంలోని యాష్ చెట్లను పెద్ద ఎత్తున చంపేసింది. ఎండి నిలబడి ఉన్న ఆ మానుల కొమ్మలు గాలికి విరిగి పడతాయి. గాలి 25 మైళ్ళు దాటుతుందని సూచన ఉంటే ఆ రోజు మానుకోవడమే మేలు. నా అభిప్రాయంలో అన్నింటికంటే చెడ్డ వాతావరణం 35 నుంచి 40 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య కురిసే వాన. చూడటానికి అది పెద్ద చలిలా అనిపించదు, కాని ఒళ్ళు తడిపి వేడిని లాగేసే తీరులో పొడిగా ఉన్న 20 డిగ్రీల రోజు దానిముందు ఎందుకూ చాలదు.

ఇక వాగు సంగతి. అమెరికా భూగర్భ పరిశోధన సంస్థ విస్సాహికన్ వాగు మీద నీటిమట్టాన్ని కొలిచే కేంద్రాలను నడుపుతోంది; వాటి గ్రాఫులను ఎవరైనా ఇంటర్నెట్‌లో చూడవచ్చు. బయలుదేరే రోజు ఉదయం ఆ గీత నిలకడగా ఉందా, దిగుతోందా, ఎక్కుతోందా అన్నది చూడాలి. ఈ వాగు పరీవాహక ప్రాంతంలో ఇళ్ళ కప్పులు, రోడ్లు, పార్కింగు స్థలాలు విస్తారంగా ఉన్నాయి కాబట్టి వాననీరు చాలావరకు నేలలో ఇంకకుండా నేరుగా వాగులోకి చేరి, గంటల వ్యవధిలోనే మట్టం పెరుగుతుంది. గీత ఎక్కుతున్నట్లయితే వాగు అంచున సాగే బాటలను వదిలేయాలి.

చివరగా వెలుతురు. డిసెంబరు మూడో వారంలో ఇక్కడ సూర్యుడు 7 గంటల 20 నిమిషాల ప్రాంతంలో ఉదయించి, సాయంత్రం 4 గంటల 40 నిమిషాలలోపే అస్తమిస్తాడు. మిట్టమధ్యాహ్నం కూడా ఆకాశంలో 27 డిగ్రీల కంటే పైకి రాడు. విజయవాడలో అదే రోజు మధ్యాహ్నం సూర్యుడు ఇంతకు దాదాపు రెట్టింపు ఎత్తులో ఉంటాడు కాబట్టి, మన కళ్ళకు అలవాటైన మధ్యాహ్నం ఇక్కడ ఉండదు. లోయ గోడలు ఎత్తైనవి కావడం వల్ల అస్తమయానికి గంటకు పైగా ముందే అడుగున ఎండ పోతుంది, దానితో పాటే ఉష్ణోగ్రతా పడిపోతుంది. పది, పదిన్నరకు మొదలుపెట్టి రెండు గంటలకు పూర్తిచేసేలా లెక్క వేసుకోవాలి.

రెండో దశ: దారిని ఎంచుకోవడం

లోయ పొడవునా ఐదు మైళ్ళకు పైగా సాగే వెడల్పాటి కంకర బాటను ఫర్బిడెన్ డ్రైవ్ అంటారు. 1920లలో మోటారు వాహనాలను నిషేధించడం వల్ల వచ్చిన పేరది. కాలినడకకు నిషేధమేమీ లేదు. ఒంటరి చలికాలపు నడక అసలు కొత్త అయిన వారు మొదట ఈ బాట మీదే వెళ్ళి, వచ్చిన దారినే తిరిగి రావాలని నా గట్టి సలహా. ఇది దాదాపు సమతలంగా ఉంటుంది, పరుగు తీసేవారు, కుక్కలను తిప్పేవారు చలికాలంలోనూ కనిపిస్తూనే ఉంటారు.

అది అలవాటయ్యాక చేయదగిన చుట్టు దారి వ్యాలీ గ్రీన్ దగ్గర మొదలవుతుంది. చెస్ట్‌నట్ హిల్ వెస్ట్ రైలు మార్గంలో సెయింట్ మార్టిన్స్ స్టేషనులో దిగి, స్ప్రింగ్‌ఫీల్డ్ అవెన్యూ మీదుగా వ్యాలీ గ్రీన్ రోడ్డు పట్టుకుని కిందికి దిగితే వాగు వస్తుంది. కారులో వచ్చేవారికి ఆ రోడ్డు చివరనే పార్కింగు ఉంది. సెలవు రోజుల్లో రైళ్ళ మధ్య వ్యవధి ఎక్కువ కాబట్టి తిరుగు రైలు వేళను ముందే రాసుకోవాలి. వాగు అవతలి గట్టున 1850 నాటి వ్యాలీ గ్రీన్ సత్రం ఉంది. ఇప్పుడది భోజనశాల. అది తెరిచి ఉంటుందన్న నమ్మకాన్ని మాత్రం ప్రణాళికలో చేర్చుకోవద్దు.

వ్యాలీ గ్రీన్ నుంచి తూర్పు గట్టు మీది ఆరెంజ్ ట్రెయిల్‌ను పట్టుకుని, వాగుకు ఎదురుగా, అంటే ఉత్తర దిశగా నడవాలి. మైలులోపే రెక్స్ అవెన్యూ వంతెన వస్తుంది. దాన్ని దాటకుండా ముందుకు సాగితే థామస్ మిల్ కప్పు వంతెన వస్తుంది. 1855లో కట్టిన ఈ చెక్క వంతెన మీదుగా పడమటి గట్టుకు చేరి, ఫర్బిడెన్ డ్రైవ్ మీద దక్షిణంగా తిరిగి రావాలి. మొత్తం దూరం మూడున్నర, నాలుగు మైళ్ళ మధ్య ఉంటుంది. వేసవిలో గంటన్నరలో ముగిసే ఈ దారికి చలికాలంలో రెండున్నర గంటలు కేటాయించాలి.

చాలామంది దీన్ని తిరగేసి, వెడల్పు బాట మీద హాయిగా మొదలుపెట్టి, రాళ్ళ బాటను చివరకు ఉంచుకుంటారు. ఒంటరిగా ఉన్నవారికి ఆ క్రమం తగదు. ఆరెంజ్ ట్రెయిల్ రాతి అరుగుల మీదుగా, వేళ్ళ మీదుగా ఎక్కి దిగుతుంది. కాళ్ళలో సత్తువ, చేతిలో సమయం ఉన్నప్పుడే దాన్ని పూర్తిచేయాలి. అలసట వచ్చేసరికి విశాలమైన, మనుషులు తిరిగే బాట మీద ఉండాలి. పైగా ఈ క్రమంలో రెక్స్ అవెన్యూ వంతెన సరిగ్గా కావలసిన చోట నిర్ణయ స్థలంగా ఉపయోగపడుతుంది. వ్యాలీ గ్రీన్ నుంచి అక్కడికి చేరడానికి ముప్పావు గంట దాటితే, కారణం ఐసు కావచ్చు, ఓపిక కావచ్చు, ఇంకేమీ తర్కించకుండా ఆ వంతెన దాటి ఫర్బిడెన్ డ్రైవ్ మీద వెనక్కి వచ్చేయాలి. ఈ హద్దును ఇంట్లో ఉండగానే కాగితం మీద రాసుకోవాలి, ఎందుకంటే అక్కడ నిలబడి ఆలోచిస్తే "ఇంత దూరం వచ్చాం కదా" అన్న మాటే ఎప్పుడూ గెలుస్తుంది.

వాగు బాటలన్నీ ఇలాంటివే అనుకోవడం ప్రమాదం. ఇదే రాష్ట్రంలోని రికెట్స్ గ్లెన్ జలపాతాల బాటను చలికాలంలో ఐసు గొడ్డలి, క్రాంపాన్లు, తాడు వంటి పర్వతారోహణ సామగ్రి ఉన్నవారికే అనుమతిస్తారు. న్యూయార్క్ రాష్ట్రంలోని వాట్కిన్స్ గ్లెన్ లోయ బాటను చలికాలమంతా మూసివేస్తారు. పెన్సిల్వేనియా వేట భూములలో నవంబరు 15 నుంచి డిసెంబరు 15 వరకు నడిచేవారు కూడా మెరిసే నారింజ రంగు దుస్తులు ధరించడం తప్పనిసరి.

మూడో దశ: ఎవరికి చెప్పి వెళ్ళాలి

మనవాళ్ళలో చాలామంది అమ్మకో నాన్నకో వాట్సాప్‌లో చెప్పి బయలుదేరుతారు. అది ఆప్యాయత వరకు బాగానే ఉంటుంది, రక్షణగా మాత్రం పనికిరాదు. చలికాలంలో ఫిలడెల్ఫియాకూ మన దేశానికీ మధ్య పదిన్నర గంటల తేడా ఉంటుంది. మీరు రావలసిన మధ్యాహ్నం 3 గంటలకు గుంటూరులో రాత్రి ఒకటిన్నర. వారు మేలుకుని ఉన్నా, అక్కడి నుంచి ఇక్కడి అత్యవసర సహాయ నంబరు 911కు నేరుగా ఫోను కలవదు. కాబట్టి బాధ్యత అప్పగించవలసిన మనిషి ఇదే ప్రాంతంలో ఉండాలి: గదిలో ఉండే స్నేహితుడు, తోటి ఉద్యోగి, పక్కింటివారు ఎవరైనా సరే.

వారికి పంపే సందేశంలో నాలుగు విషయాలు ఉండాలి. ఎక్కడ మొదలుపెడుతున్నారో, ఏ బాటలో ఏ దిశగా వెళుతున్నారో, ఏ రంగు జాకెట్టు వేసుకున్నారో, ఎన్ని గంటలకు మళ్ళీ సందేశం పంపుతారో స్పష్టంగా రాయాలి. ఆ గంట దాటితే ముందు మీకు ఫోను చేయాలని, మరో గంట దాటితే 911కు చేయాలని కూడా ముందుగానే మాట్లాడుకోవాలి. లేకపోతే మొహమాటానికి పోయి రాత్రి దాకా ఎదురుచూస్తారు. మీరు ఉన్న చోటును అప్పటికప్పుడు సామాజిక మాధ్యమాలలో అందరికీ చాటడం మంచిది కాదు. ఫోటోలు ఇంటికి వచ్చాక పెట్టుకోవచ్చు.

నాలుగో దశ: ఒంటి మీద ఏముండాలి

నూలు బట్ట చెమటను పీల్చుకుని వదలదు, తడిసిన నూలుకు వేడిని నిలిపే గుణం పోతుంది. జీన్సు, నూలు మేజోళ్ళు, నూలు బనియను ఈ నడకకు పూర్తిగా నిషిద్ధం. ఇంటి నుంచి తెచ్చుకున్న థర్మల్ లోదుస్తుల అంచున ఉన్న చీటీని ఒకసారి చదవండి. వాటిలో చాలావాటిలో నూలు పాలు ఎక్కువగా ఉంటుంది. అవి గదిలో పడుకోవడానికి బాగుంటాయి, చెమట పట్టే పనికి కాదు.

ఒంటికి ఆనుకుని మెరీనో ఉన్నితోనో పాలియెస్టర్‌తోనో చేసిన పలుచని పొర, దాని మీద ఫ్లీస్, అన్నిటికీ పైన గాలినీ నీటినీ ఆపే పలుచని జాకెట్టు ఉండాలి. ఇంటి గుమ్మం దగ్గర వెచ్చగా అనిపించేటన్ని బట్టలు వేసుకుంటే పావుగంటలో చెమటతో తడుస్తారు. మొదటి పది నిమిషాలు కాస్త చలిగా ఉండేలా బయలుదేరాలి. పది నిమిషాలు నడిచాక, ఇబ్బంది ఉన్నా లేకపోయినా, ఆగి ఒక పొర తీయాలా వేయాలా అని చూసుకోవాలి. ఎక్కేటప్పుడు చెమట పట్టకముందే టోపీ తీయడం, జిప్పు దించడం అలవాటు చేసుకోవాలి. చెమట పట్టాక చేసే సవరణ ఆలస్యమైన సవరణే.

చెవులు కప్పే ఉన్ని టోపీ, మెడకు గొట్టంలాంటి పట్టీ, వేళ్ళు కలిసి ఉండే మిట్టెన్లు, వాటి లోపల పలుచని తొడుగులు అవసరం. బూట్లలో కాలివేళ్ళు స్వేచ్ఛగా కదలాలి. రెండు జతల మేజోళ్ళు బిగించి తొడిగితే రక్తప్రసరణ తగ్గి పాదాలు మరింత చల్లబడతాయి.

ఐదో దశ: సంచిలో ఏముండాలి

ఇక్కడే ఆగిపోయిన మనిషి లెక్క మళ్ళీ వస్తుంది. సంచిలో అన్నిటికంటే విలువైన వస్తువు, నడిచేటప్పుడు ఎప్పుడూ వేసుకోని ఒక దళసరి జాకెట్టు. మిగతా పొరలన్నిటి మీదా తొడుక్కోగలిగేలా అది ఒక సైజు పెద్దదిగా ఉండాలి. తరువాతది కూర్చోవడానికి ఒక ఫోమ్ ముక్క. గడ్డకట్టిన నేల శరీరం నుంచి వేడిని లాగే వేగం గాలి కంటే ఎంతో ఎక్కువ, అయినా కింద పరచుకునే దాన్ని ఎవరూ గుర్తు పెట్టుకోరు. దాని ధర తక్కువ, బరువు లేనే లేదు. మూడోది, వేడిని వెనక్కి తిప్పే లోహపు పూత ఉన్న అత్యవసర సంచి. మడిస్తే పిడికిలిలో పట్టేంత ఉంటుంది.

బూట్లకు తొడిగే మైక్రోస్పైకులు తప్పనిసరి. గొలుసులకు ఉక్కు ముళ్ళు ఉన్న రకాన్నే తీసుకోవాలి. స్ప్రింగు చుట్టల రకం నగరపు ఫుట్‌పాత్‌లకు సరిపోతుంది, రాళ్ళ బాట మీద జారి ఊడిపోతుంది. వీటితో పాటు రెండు నడక కర్రలు, నుదుటికి కట్టుకునే దీపం, ఈల, సాగే కట్టు, జిప్పు సంచిలో పొడి మేజోళ్ళు, అదనపు చేతి తొడుగులు, రసాయనాలతో వేడినిచ్చే చిన్న పొట్లాలు, కాగితం మీద ముద్రించిన పటం ఉంచుకోవాలి.

చలికి బ్యాటరీ సామర్థ్యం పడిపోతుంది కాబట్టి ఫోనునూ పవర్ బ్యాంకునూ ఒంటికి దగ్గరగా, లోపలి జేబులో పెట్టుకోవాలి. లోయ అడుగున సిగ్నల్ బలహీనంగా ఉంటుంది, దాన్ని వెతకడంలోనే ఫోను శక్తి ఖర్చవుతుంది. అందుకని పటాన్ని ముందే దించుకుని ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో ఉంచాలి. ఐఫోన్ 14 నుంచి వచ్చిన ఫోన్లలో ఉపగ్రహం ద్వారా అత్యవసర సందేశం పంపే వీలుంది. దాన్ని ఎలా వాడాలో ఇంట్లోనే ఒకసారి చూసుకోవాలి.

తిండి విషయంలో మనకు ఇబ్బంది లేదు. దుకాణాల్లో అమ్మే ఎనర్జీ బార్లు చలికి రాయిలా గట్టిపడి పంటికి లొంగవు, సున్నుండ మాత్రం నోట్లో వేసుకుంటే కరుగుతుంది, నెయ్యీ మినుములూ బెల్లమూ కలిసి కావలసిన శక్తిని ఇస్తాయి. నువ్వుండలు, పల్లీ చిక్కీ కూడా మంచివే. ఫ్లాస్కులో వేడి మిరియాల చారు పోసుకుంటే దాహం వేయకపోయినా తాగుతారు. చలిలో దప్పిక తెలియదు కాబట్టి అది చిన్న లాభం కాదు. వాగు నీరు ఎంత తేటగా కనిపించినా తాగకూడదు. ఎగువ ఊళ్ళ మురుగునీటి శుద్ధి కేంద్రాల నుంచి వదిలే నీరు ఇందులో కలుస్తుంది.

ఆరో దశ: నడక

ఐసు ఎక్కడ ఉంటుందో ముందే ఊహించడం నేర్చుకుంటే సగం పని పూర్తయినట్లే. ఆరెంజ్ ట్రెయిల్ పొడవునా కొండవైపు రాళ్ళ సందుల్లోంచి ఊట నీరు కారుతూ ఉంటుంది. చలికాలంలో అది బాటకు అడ్డంగా పొరలు పొరలుగా గడ్డకడుతుంది. అలాంటి చోట్లు ఏటా దాదాపు అక్కడే వస్తాయి. హెమ్‌లాక్ చెట్ల గుబురు నీడ కింద ఎండ పడదు కాబట్టి చుట్టుపక్కల పొడిగా ఉన్నా అక్కడ ఐసు నిలిచి ఉంటుంది. రాలిన ఆకుల కింద దాగిన ఐసు కంటికి కనిపించదు, కర్రతో తట్టితేనే తెలుస్తుంది. తూర్పు గట్టు పడమటికి తిరిగి ఉండటం వల్ల ఉదయం పూట నీడలో ఉంటుంది, అక్కడి ఐసు గట్టిగా, పొడిగా ఉంటుంది. ముళ్ళున్న బూటుకు గట్టి ఐసే మంచిది. మధ్యాహ్నపు ఎండకు పైన నీటి పొర ఏర్పడిన ఐసు అన్నిటికంటే జారుడు.

స్పైకులను ఐసు మధ్యకు చేరాక కాక, దానికి పది అడుగుల ముందే, పొడి నేల మీద కూర్చుని తొడుక్కోవాలి. ఐసు మీద అడుగులు చిన్నవిగా వేయాలి, పాదం మొత్తం ఒకేసారి ఆనించాలి, బరువు ముందున్న పాదం మీద ఉండాలి. దిగుడులో వెనక్కి వాలడం సహజంగా వచ్చే తప్పు. వెనక్కి వాలితేనే కాలు జారుతుంది. రెండు కర్రలలో కనీసం ఒకటి ఎప్పుడూ నేలను తాకి ఉండాలి. ఈ లోయలోని రాయిని విస్సాహికన్ షిస్ట్ అంటారు. అభ్రకం నిండిన పలకల రాయి అది, ఎండ పడితే కాకిబంగారంలా మెరుస్తుంది, గూడూరు ప్రాంతం వారికి ఆ మెరుపు కొత్త కాదు. అయితే ఆ పలకలు ఏటవాలుగా ఉన్నచోట తడి తగిలితే, ఐసు లేకపోయినా కాలు నిలవదు. అక్కడ కూర్చుని జరగడానికి సిగ్గుపడనక్కరలేదు. చూసేవారు కూడా ఉండరు.

మధ్యాహ్నానికి కొన్నిచోట్ల పైమట్టి కరిగి, కింద నేల గడ్డకట్టే ఉండటం వల్ల బురద జారుతుంది. బూట్లు పాడవుతాయని బాట అంచులమీదికి జరిగితే బాట వెడల్పై కోసుకుపోతుంది కాబట్టి, బురదలోంచే నేరుగా నడవాలి.

వాగు అంచున ఉన్న ఐసు గురించి ఒకే నియమం ఉంది, దానికి మినహాయింపు లేదు: దాని మీద అడుగు వేయకూడదు. పారే నీరు ఐసును అడుగు నుంచి తినేస్తుంది. పైకి తెల్లగా దృఢంగా కనిపించే పలక అడుగున అంగుళం మందం కూడా ఉండకపోవచ్చు. మట్టం తగ్గినప్పుడు అంచు ఐసు కింద గాలి మిగిలి, చూరులా వేలాడుతూ ఉంటుంది. పాత మిల్లుల కోసం కట్టిన ఆనకట్టల వెనుక నిలిచిన నీటి మీద ఏర్పడే నునుపైన ఐసు మరింత మోసకారి. రాళ్ళ మీద గెంతుతూ వాగు దాటడం వేసవి పని. చలికాలంలో తుంపర పడి ప్రతి రాయి మీదా గాజు పొర ఉంటుంది. వంతెనల దగ్గర మాత్రమే దాటాలి. వ్యాలీ గ్రీన్‌కు దిగువన, క్రెషైమ్ వాగు వచ్చి కలిసే చోట ఉన్న డెవిల్స్ పూల్ అనే మడుగు చుట్టూ రాళ్ళు నిటారుగా ఉంటాయి. ఒంటరిగా వెళ్ళేవారు ఆ మడుగును ఈ కాలంలో వదిలేయడం మంచిది.

దారిలో చూడదగినవి

కింద ఐసును చూస్తూ నడిచే వారికి చుట్టూ ఏముందో చూసే తీరిక ఉండదు కాబట్టి, చూడదలచినప్పుడల్లా పూర్తిగా ఆగి చూడాలి. నడుస్తూ తల తిప్పకూడదు. ఆకులన్నీ రాల్చుకున్న అడవిలో బీచ్ చెట్లు మాత్రం లేత గోధుమరంగు ఎండుటాకులను వసంతం దాకా పట్టుకునే ఉంటాయి. వాగు వెంబడి తెల్లని మానులతో నిలబడేవి సికమోర్ చెట్లు. గట్టున కదలకుండా నిలిచిన పెద్ద నీలి కొంగ, నీటి మీదుగా కిటకిటమంటూ దూసుకుపోయే లకుముకి పిట్ట చలికాలంలోనూ ఇక్కడే ఉంటాయి. రెక్స్ అవెన్యూ వంతెనకు ఎగువన రాతి శిఖరం మీద, చేతిని కళ్ళకు అడ్డం పెట్టుకుని పడమటికి చూస్తున్న లెనాపె యోధుని తెల్లని శిల్పం ఉంది. జాన్ మాసీ రిండ్ చెక్కిన ఆ శిల్పాన్ని 1902లో నిలిపారు. తలకు పెట్టిన ఈకల కిరీటం ఎక్కడో మైదాన ప్రాంతపు తెగలది, ఈ లోయలో బతికిన లెనాపె ప్రజలది కాదు. వేసవిలో ఆకుల చాటున దాగే ఆ శిల్పం ఇప్పుడు అవతలి గట్టు నుంచి కూడా కనిపిస్తుంది.

ఏదైనా జరిగితే

కాలు మడతపడి నడవలేని స్థితి వస్తే, ముందుగా ఫోను తీయాలనిపిస్తుంది. దానికంటే ముందు చేయవలసిన పని ఒంట్లో ఉన్న వేడిని కాపాడుకోవడం. ఫోమ్ ముక్క మీద కూర్చుని, దళసరి జాకెట్టు, టోపీ, మిట్టెన్లు తొడుక్కుని, అత్యవసర సంచిలో కాళ్ళు దూర్చుకోవాలి. వేళ్ళు మాట వింటున్నప్పుడే ఇవన్నీ చేయగలరు; పావుగంట ఆగితే జిప్పు లాగడం కూడా కష్టమవుతుంది. ఆ తరువాత 911కు ఫోను చేసి, ఏ గట్టు మీద, ఏ వంతెనకు ఏ దిక్కున ఉన్నారో చెప్పాలి: "తూర్పు గట్టు, ఆరెంజ్ ట్రెయిల్, రెక్స్ అవెన్యూ వంతెనకు ఉత్తరంగా" అన్నంత స్పష్టంగా ఇంగ్లీషులో చెప్పగలిగేలా, దాటిన ప్రతి వంతెన పేరునూ గుర్తుంచుకుంటూ నడవాలి. సిగ్నల్ లేకపోతే మూడేసి సార్లు ఈల ఊది, ఆగి, మళ్ళీ ఊదాలి. అవతలి గట్టున ఫర్బిడెన్ డ్రైవ్ ఉండటం వల్ల ఈ దారిలో ఈల శబ్దం ఎవరికో ఒకరికి చేరే అవకాశం బాగా ఉంది.

నీటిలో పడితే మొదటి నిమిషం ఊపిరి అదుపు తప్పి గుటకలు వేయిస్తుంది; ఆ నిమిషంలో ఈత కంటే తలను పైన ఉంచి శ్వాసను నిలకడ చేసుకోవడమే ముఖ్యం. తరువాత సుమారు పది నిమిషాల పాటు చేతులు పనిచేస్తాయి. స్పృహ తప్పేంతగా శరీరం చల్లబడటానికి దాదాపు గంట పడుతుంది. అంటే భయపడినంత వేగంగా చలి చంపదు, కాని బయటపడే పనిని ఆ పది నిమిషాలలోనే ముగించాలి. బయటికి వచ్చాక తడి బట్టలు విప్పి పిండి, పొడివి తొడుక్కుని, నడవగలిగితే ఆగకుండా దగ్గరి రోడ్డు వైపు నడవాలి.

శరీరపు లోపలి ఉష్ణోగ్రత 35 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గితే మెదడు మందగిస్తుంది, తనకేమీ కాలేదని అదే నచ్చజెప్పుకుంటుంది. తోడున్నవారు మాట తడబాటును పట్టుకుంటారు. ఒంటరిగా ఉన్నవారు తమను తామే పరీక్షించుకోవాలి. అరగంటకొకసారి బొటనవేలితో అదే చేతి చిటికెనవేలిని తాకి చూడండి. తాకలేకపోతున్నా, దారి గురించి విసుగు, నిర్లక్ష్యం మొదలైనా, వెంటనే ఆగి తిని, వేడిగా తాగి, దుస్తులు పెంచుకుని వెనక్కి తిరగాలి. వేలి కొనో చెవి అంచో తెల్లబడి స్పర్శ పోతే రుద్దకూడదు, మంచుతో అసలే రుద్దకూడదు. చంకలోనో పొట్ట మీదో ఆనించి వేడి చేయాలి. మళ్ళీ గడ్డకట్టే అవకాశం ఉన్నచోట మాత్రం కరిగించకుండా బయటపడటమే మేలు.

తిరిగి వచ్చాక

వ్యాలీ గ్రీన్ చేరగానే, కారు హీటరు వేయడానికి ముందే, ఎదురుచూస్తున్న మనిషికి సందేశం పంపాలి. సిగ్నల్ లేకపోతే రోడ్డు మీదికి ఎక్కాక పంపాలి, ఇల్లు చేరేదాకా వాయిదా వేయకూడదు. ఇంటికి వచ్చాక ఒళ్ళంతా చూసుకుని జింక పేలు అంటుకోలేదని రూఢి చేసుకోవాలి. లైమ్ వ్యాధిని వ్యాపింపజేసే ఈ పురుగులు చలికాలంలో పూర్తిగా నిద్రపోవు. నేల మీద మంచు లేకుండా ఉష్ణోగ్రత గడ్డకట్టే స్థితికి పైన ఉన్న రోజుల్లో ఎదిగిన పురుగులు తిరుగుతూనే ఉంటాయి. మోకాళ్ళ వెనుక, గజ్జల్లో, జుట్టు మొదళ్ళలో వెతకాలి. కరిచి పట్టుకున్నది కనిపిస్తే సన్నని పట్టకారుతో చర్మానికి వీలైనంత దగ్గరగా పట్టి నిటారుగా లాగాలి.

బూట్లలోకి పాత కాగితాలు కుక్కి గది వేడిలో ఆరనివ్వాలి, హీటరు మీద పెడితే అడుగు ఊడిపోతుంది. స్పైకులను కడిగి తుడవకపోతే వారంలో తుప్పు పడతాయి. వ్యాలీ గ్రీన్ నుంచి రెక్స్ అవెన్యూకు, అక్కడి నుంచి కప్పు వంతెనకు, తిరుగు దారికి ఎన్నేసి నిమిషాలు పట్టాయో, ఊట ఐసు ఏ మలుపుల దగ్గర తగిలిందో ఆ సాయంత్రమే పటం మీద రాసిపెట్టుకుంటే, తరువాతి నడకకు ముప్పావు గంట హద్దును మీ నడక వేగానికి తగినట్టు సరిచేసుకోవచ్చు.